చెవిలో హోరు ఎంతగా బాధిస్తోందో ఎలా కొలుస్తారు?

ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్, వినికిడిని చూపుతుందే గాని, టిన్నిటస్, అంటే చెవిలో హోరు, మనిషిని ఎంత వేధిస్తోందో చూపదు. బయటి శబ్దంతో పోల్చి హోరు స్థాయిని అంచనా వేస్తే, అది చాలామందిలో వినికిడి హద్దుకు, అంటే వారు వినగలిగే అతి తక్కువ స్థాయికి, కొద్ది డెసిబెళ్లే పైన ఉంటుంది. అయినా అదే స్థాయి ఒకరికి పట్టనే పట్టదు, మరొకరికి నిద్రను దూరం చేస్తుంది. కాబట్టి బాధను ప్రశ్నావళితోనే కొలవాలి.

1996లో ప్రచురితమైన టిన్నిటస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీలో 25 ప్రశ్నలుంటాయి. ‘అవును’కు 4, ‘అప్పుడప్పుడు’కు 2, ‘లేదు’కు 0 చొప్పున లెక్కిస్తే గరిష్ఠం 100 అవుతుంది, 16 వరకు స్వల్పం, 38 నుంచి 56 వరకు మధ్యస్థం, 78, ఆపైన అతి తీవ్రం. చికిత్సతో వచ్చే మార్పును పసిగట్టడానికి మాత్రం గత వారం అనుభవాన్ని అడిగే టిన్నిటస్ ఫంక్షనల్ ఇండెక్స్ (2012) మేలని నా అభిప్రాయం. అందులో సుమారు 13 పాయింట్ల తగ్గుదలను అర్థవంతమైన మెరుగుదలగా పరిగణిస్తారు.

పగలు అమీర్‌పేట రద్దీలో మరుగునపడిన హోరు రాత్రి నిశ్శబ్దంలో పైకి తేలుతుంది గనుక, ఏదో ఒక పూటను కాక వారమంతటినీ తలచుకొని జవాబివ్వాలి. హోరు ఒకే చెవిలో ఉన్నా, నాడితో పాటు కొట్టుకుంటున్నా, స్కోరు ఎంత తక్కువైనా ఈఎన్‌టీ వైద్యుడిని కలవాలి.