సాక్స్ అచ్చు దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివా. 1950ల్లో కాలిఫోర్నియా బీచుల్లో తీసిన ఆ కండలు తిరిగిన మగవాళ్ల ఫోటోల మీద తెలుగులో ఒకరు ఇంత ఇష్టంగా రాశారంటే నాకెంత సంతోషమో, ముందు అది చెప్పనీ. కానీ రెండు పేజీల్లో "గ్రీకు శిల్పంలా" అని ఐదుసార్లు రాశావు. అది నీ మాట కాదురా, ఆ ఫోటోలు తీసి అమ్మినవాళ్లు కేసులకి భయపడి అడ్డం పెట్టుకున్న మాట.

అప్పట్లో అమెరికాలో ఇలాంటి ఫోటో పోస్టులో వేస్తే అశ్లీలం కింద పట్టుకునేవాళ్లు. బాబ్ మైజర్ అనే ఫోటోగ్రాఫర్ 1945లో లాస్ ఏంజెలిస్‌లో అథ్లెటిక్ మోడల్ గిల్డ్ అని స్టూడియో పెట్టాడు, 1947లో శిక్ష పడింది, బయటికొచ్చి మళ్లీ అదే పని, 1951లో ఫిజిక్ పిక్టోరియల్ అని చిన్న పత్రిక కూడా మొదలెట్టాడు. మోడల్స్ కట్టుకునే పోజింగ్ స్ట్రాప్, అదే మన గోచీ లాంటిది, మైజర్ వాళ్లమ్మే కుట్టిచ్చేదంటారు, నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె నిండిపోతుంది. బ్రూస్ బెల్లాస్ అయితే నెబ్రాస్కాలో కెమిస్ట్రీ టీచరు, సాంటా మోనికా మజిల్ బీచ్‌కొచ్చి ఫోటోగ్రాఫర్ అయిపోయాడు, పోస్టులో పంపలేని ప్రింట్లు కార్లో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. ఇంకో పత్రిక పేరే గ్రీషియన్ గిల్డ్ పిక్టోరియల్, గ్రీషియన్ అంటే గ్రీకే! 1962లో సుప్రీంకోర్టు ఇలాంటి పత్రికలు అశ్లీలం కాదు, పోస్టులో పంపొచ్చు అనేదాకా గ్రీకు, వ్యాయామం, ఆరోగ్యం, ఈ మాటలే వాళ్లకి గొడుగు. నీకా గొడుగు అక్కర్లేదు కదా. కొన్నవాళ్లలో చాలామంది మగవాళ్లని ప్రేమించే మగవాళ్లు, ఆ ఒక్క ముక్క నీ వ్యాసంలో ఎక్కడా లేదు, అది లేకపోతే ఆ ఫోటోలు ఎందుకు పుట్టాయో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నువ్వు జత చేసిన ఫోటో ఇంకోసారి తీసి చూడు. కెమెరా నేలకి దగ్గరగా పెట్టాడు, అందుకే కాళ్లు అంత పొడుగ్గా ఉన్నాయి, వెనక ఆకాశం తప్ప ఇంకేం లేదు. ఎండ పక్కనుంచి పడుతోంది కాబట్టి ఒక్కో కండా విడిగా లేచి కనపడుతోంది, అదే ఎండకి అతని కళ్లు చికిలించుకుపోయాయి, మోకాలి కింద ఇసుక అంటుకునుంది. ఇంకా కిందకి రా, పిక్క మీద సాక్స్ ఎలాస్టిక్ అచ్చు! అంటే కాసేపటి క్రితమే బూట్లు విప్పి కాళ్ల కిందున్న ఆ రాయి ఎక్కాడు, సాయంత్రం మళ్లీ అవే బూట్లేసుకుని ఇంటికో పనికో పోతాడు. శిల్పానికి సాక్స్ అచ్చు ఉండదు తమ్ముడూ. నేనూ నీ వయసులో మా ఊరి కుస్తీ వాళ్ల మీద రాస్తూ అంతా నల్లరాతి విగ్రహాలే అనేశా, వాళ్ల చెమట, మట్టి, అరిగిపోయిన లంగోటా ఒక్కటీ రాయలేదు, ఇప్పుడు వాళ్లెవరూ లేరు, ఆ బాధ నాకుండిపోయింది.

మొదటి పేజీ మొత్తం తీసేసి ఆ పిక్క దగ్గర మొదలుపెట్టు. శిక్ష సంగతి మూడో పేరాకి రానీ, అప్పటికి చదివేవాడికి ఆ మనిషి మీద ఇష్టం కలిగుంటుంది. రాశాక పంపు, రాత్రైనా పర్లేదు చదువుతా.