కట్టెల పొయ్యి హోటల్ పెట్టే ముందు ఇది చదువు చిట్టీ

చిట్టీ,

హైవే పక్కన కట్టెల పొయ్యి భోజనం హోటల్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, మనింట్లో ఆడపిల్ల సొంతంగా వ్యాపారం పెట్టడం నీతోనే మొదలని వీధంతా చెప్పుకొచ్చాను. తర్వాత షెడ్డు ఫోటో చూశా. నాలుగు వైపులా రేకులు, ఒక్క కిటికీ లేదు, పొయ్యేమో మూలన. బుద్ధుందా అసలు?

లైసెన్సు, అద్దె కాగితం, అరువులు ఇవ్వకపోవడం, ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమంతా పొగ గురించే.

మీ అమ్మమ్మ వంటింట్లో పెంకుల మధ్య పొగ పోడానికి ఒక కంత ఉండేది. పిల్లి దూరి పాలు తాగేస్తోందని తాతయ్య దానికి రేకు కొట్టించేశాడు. పిల్లి బెడద పోయింది గానీ పొగంతా లోపలే. అమ్మమ్మ దగ్గుతూనే ఊదుగొట్టం ఊదేది, కళ్ళు ఎర్రబడితే ఉల్లిపాయలనుకునేవాళ్ళం. దీపం పథకంలో గ్యాసొచ్చింది కదా అంటావేమో, వచ్చింది, సిలిండర్ అయిపోతుందని కాఫీకి మాత్రమే వెలిగించేది, అన్నం కూర కట్టెల మీదే. చివరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు ముందడిగింది అడ్డపొగ తాగేదా అని. జన్మలో చుట్ట ముట్టని మనిషిని! సీఓపీడీ అన్నాడు, అంటే ఊపిరి సరిగ్గా ఆడనివ్వని ఊపిరితిత్తుల జబ్బట, పాడైన ఊపిరితిత్తులు మళ్ళీ బాగవవన్నాడు. కళ్ళల్లో శుక్లాలకీ ఈ పొగ ఒక కారణమట. ఆ సాయంత్రమే తాతయ్య నిచ్చెనేసుకుని రేకు పీకేశాడు, అప్పుడు పీకి ఏం లాభం.

వంట పొగ వల్ల 2020 ఒక్క ఏడాదే ప్రపంచంలో 32 లక్షల మంది పోయారని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క, అందులో అయిదేళ్ళ లోపు పిల్లలే 2 లక్షల 37 వేలకి పైన. మన బుజ్జిగాడికి పొయ్యి దగ్గర ఉయ్యాల కట్టావో, నేనే వచ్చి వాణ్ణి ఎత్తుకుపోతా. పసివాళ్ళకి ఈ పొగలో న్యుమోనియా తొందరగా వస్తుందే తల్లీ.

పొయ్యి మీద పొగగొట్టం పెట్టించు, అది కప్పు దాటి పైకి పోవాలి. ఎదురు గోడకి కిటికీ కొట్టించు, బయట గాలి లోపలికి రాకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం ఏం లాగుతుంది? కట్టెలు ఎండినవే కొను, పచ్చివి చవకని చూడకు. రాత్రి నిప్పులుండగా షట్టరేసుకుని పనివాళ్ళని లోపల పడుకోనివ్వకు, నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో మాట, కోడికూర పులుసు కట్టెల మీద పెట్టి అన్నం గ్యాస్ మీద వండెయ్, ఎవడు కనిపెడతాడు!

ఫ్యాన్ డబ్బులు పెదనాన్న ఫోన్‌పే చేస్తాడు, వద్దనకు. ఓపెనింగ్ రోజు నాటుకోడి నేనే వండుతా, మసాలా ఎవర్నీ నూరనివ్వకు.

మీ పెద్దమ్మ