బాకీ కట్టలేదని క్లయింటు వెబ్‌సైటు ఆపేయవచ్చా?

ప్రశ్న: భీమవరంలో చిన్న వెబ్ డిజైన్ ఏజెన్సీ నడుపుతున్నాను. జీతానికి ఒక కోడర్ ఉన్నాడు. డిజైన్లు పాలకొల్లు కుర్రాడొకరు పనిని బట్టి డబ్బు తీసుకుని చేసిపెడతాడు. ఆత్రేయపురం దగ్గరి ఒక పూతరేకుల షాపుకి ఆర్డర్లు తీసుకునే సైటు 1,80,000 రూపాయలకు ఒప్పుకున్నాం. మాటలన్నీ వాట్సాప్‌లోనే జరిగాయి. 60,000 అడ్వాన్సు ఇచ్చారు. సంక్రాంతికి ముందు సైటు అప్పగించాం, పండగ ఆర్డర్లు దానిమీదే నడిచాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు చూసినందుకు నెలకు 12,000 చొప్పున నాలుగు నెలలది కూడా రావాలి. అన్నీ కలిపి 1,68,000. ఏప్రిల్‌లో అడిగితే, ‘ఫోన్లో ఆర్డర్ బటన్ కనపడట్లేదు, అనుకున్నన్ని ఆర్డర్లు రాలేదు, డొమైన్, పాస్‌వర్డులు మాకిచ్చేయండి’ అంటున్నారు. డబ్బు కట్టేదాకా సైటు ఆపేయవచ్చా? అసలు ఆ డిజైన్ ఎవరిది?

జవాబు: ఆపకండి. ఇప్పుడు బాకీ పడింది వాళ్లు. సైటు ఆపిన రోజున తప్పు మీ వైపుకి వస్తుంది.

హోస్టింగ్ షాపు పేరు మీద, వాళ్ల డబ్బుతో ఉంటే ఆ సర్వర్ స్థలానికి హక్కుదారు వాళ్లే. మీకు లోపలికి వెళ్లే అనుమతి ఇచ్చింది సైటు నడపడానికే. ఆ అనుమతి పట్టుకుని సైటు తీసేసినా, వాళ్లను లోపలికి రాకుండా చేసినా, ఆర్డర్ల వివరాలు చెరిపేసినా సమాచార సాంకేతిక చట్టం, 2000 సెక్షన్ 43 కింద నష్టపరిహారం అడగొచ్చు. దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. హోస్టింగ్ మీ సొంత ఖాతాలో, మీ ఖర్చుతో ఉంటే సంగతి కొంత వేరు. అప్పుడు కూడా నోటీసు ఇచ్చి, తగిన గడువు దాటాకే, మొత్తం డేటా కాపీ వాళ్లకు అప్పగించాకే ఆపాలి. డబ్బు ముందే కట్టి పూతరేకుల కోసం చూస్తున్న కొనుగోలుదారుకి మీ తగాదాతో ఏ సంబంధమూ లేదు.

‘దర్జీ కుట్టుకూలి ఇచ్చేదాకా బట్ట ఇవ్వడు కదా’ అని చాలామంది అంటారు. నిజమే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఆ హక్కు ఇస్తుంది. కానీ అది చేతిలో ఉన్న సరుకుకి వర్తించే హక్కు. సరుకు అప్పగించేశాక అది ఉండదు. మీరు సైటు జనవరిలోనే అప్పగించేశారు.

ఇక డిజైన్ ఎవరిదన్నది. మీకు అసలు బలం ఇక్కడుంది, కొంత బలహీనత కూడా ఇక్కడే ఉంది. డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి అంతా మాదేనని షాపువాళ్లు అనుకుంటారు. కాపీరైట్ చట్టం, 1957 అలా చెప్పదు. సెక్షన్ 17 ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. జీతగాడు ఉద్యోగంలో భాగంగా చేసింది యజమానికి చెందుతుంది. అందుకని మీ కోడర్ రాసిన కోడ్ మీదే. సంతకంతో, ఏ హక్కు ఇస్తున్నారో స్పష్టంగా రాసిన పత్రం లేకుండా అది షాపుకి బదిలీ కాదు. ఇది సెక్షన్ 19. అలాగని షాపు సైటు వాడుకోవడమే తప్పనకండి. డబ్బు తీసుకుని, వాడుకోమని మీరే ఇచ్చారు. వాడుకునే అనుమతి వేరు, అదే కోడ్‌ని ఇంకొకరికి అమ్ముకునే హక్కు వేరు.

పాలకొల్లు కుర్రాడి సంగతి అలా కాదు. అతను మీ ఉద్యోగి కాదు. అతను గీసిన బొమ్మలు, ఐకాన్లు, పేజీల రూపకల్పన రాతపూర్వక బదిలీ పత్రం లేకపోతే చట్టం దృష్టిలో అతనివే. మీ దగ్గర లేని హక్కుని మీరు ఎవరికీ ఇవ్వలేరు. అతనితో బదిలీ పత్రం వెంటనే రాయించుకోండి. అందులో కాలపరిమితి రాయకపోతే చట్టం ఐదేళ్లనే లెక్క వేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆ హక్కుని ఏడాదిలోపు వాడుకోకపోయినా బదిలీ పోదని కూడా రాయించాలి. సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టడానికి అందరికీ దొరికే సాఫ్ట్‌వేర్) మీద కట్టి ఉంటే వర్డ్‌ప్రెస్ మీది కాదు, దానిపై మీరు కొత్తగా రాసినంతే మీది.

ఫొటోలు, రీల్స్ దగ్గర లెక్క తిరగబడుతుంది. ఒకరు కోరగా, ప్రతిఫలం కోసం తీసిన ఫొటోకి, వీడియోకి, వేరే ఒప్పందం లేకపోతే, అడిగి తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. పూతరేకుల పెట్టెల ఫొటోలు మీ కెమెరాతో తీసినా షాపువే. వాటిని తీసేస్తాననడం తగదు.

డొమైన్ కూడా అంతే. మీ పేరు మీద రిజిస్టరై ఉన్నా, అందులో ఉన్నది షాపు పేరు. డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్కుకిచ్చే రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. డొమైన్ బదిలీ కోడ్, పేజీల అడ్మిన్ హక్కు ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ఈమెయిల్‌లో మూడు విషయాలు రాయండి: ఫలానా తేదీన ఫలానావి అప్పగించాం, 1,68,000 బాకీ ఉంది, కోడ్ మీద కాపీరైట్ బదిలీ చేయలేదు. పేజీ ఇంకా మీ చేతిలో ఉన్నన్నాళ్లు ఆ పేజీలోనే ‘ఈ షాపు డబ్బులెగ్గొట్టింది’ అని పోస్టు పెట్టాలనిపించవచ్చు. వద్దు, పరువునష్టం కేసు అవుతుంది.

డబ్బు సంగతి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? ఈ పని ఒప్పుకునేనాటికే ఉండి ఉంటే మీ దారి సులువు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం, 2006 సేవలకూ వర్తిస్తుంది. చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని అందిన 15 రోజుల్లో కట్టాలి. అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. షాపువాళ్లు ఏప్రిల్‌లో నోరు విప్పారు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. కొనుగోలుదారు ఎక్కడున్నా మీరున్న ప్రాంతపు కౌన్సిలే వింటుంది. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఇచ్చే తీర్పు (అవార్డు). ఆ అవార్డుని సవాలు చేయాలంటే షాపు అవార్డు మొత్తంలో 75 శాతం డిపాజిట్ కట్టాలి. రిజిస్ట్రేషన్ తర్వాత చేసుకున్నదైతే పాత లావాదేవీకి పనికిరాదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది.

రిజిస్ట్రేషన్ లేకపోతే మండల న్యాయ సేవల కమిటీలో దావాకి ముందు దరఖాస్తు ఇచ్చి లోక్ అదాలత్‌కి రప్పించండి. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కుదరకపోతే మామూలు సివిల్ కోర్టు. మొత్తం 3 లక్షల లోపే కాబట్టి కమర్షియల్ కోర్టు, దానికి ముందు తప్పనిసరి మధ్యవర్తిత్వం అక్కర్లేదు. గడువు మూడేళ్లు.

ఒప్పందం వాట్సాప్‌లో జరిగిందని దిగులు పడకండి, అదీ చెల్లుతుంది. కానీ స్క్రీన్‌షాట్లతో సరిపోదు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ ఫోన్ దాచండి, మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి. షాపువాళ్లు మీ బిల్లు మీద టీడీఎస్ కోసి ఉంటే మీ పాన్‌లో కనిపిస్తుంది. మీ బిల్లుని వాళ్లు లెక్కలోకి తీసుకున్నారని చూపడానికి అదొక ఆధారం.

బటన్ మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌లో మీరే ఆర్డర్ పెట్టి చూడండి. కింద తేలే వాట్సాప్ గుర్తు ‘ఆర్డర్’ బటన్ మీద పడి ఉండొచ్చు, లేదా తెలుగు అక్షరాలు పెద్దవై బటన్ తెర బయటికి జరిగి ఉండొచ్చు. లోపం ఉంటే డబ్బు అడగకుండా సరిచేసి, ముందు, తర్వాత స్క్రీన్ రికార్డింగ్ దాచి, సరిచేశామని ఈమెయిల్ పంపండి. లేకపోతే అదే వాళ్ల ఎదురు క్లెయిమ్ అవుతుంది. ఆర్డర్ల సంఖ్యకి మీ బాధ్యత లేదు, ‘నెలకి వంద ఆర్డర్లు గ్యారంటీ’ లాంటి మాట చాట్‌లో మీరే ఇచ్చి ఉంటే తప్ప. లీగల్ నోటీసు పంపేముందు ఆ చాట్ మొదటి నుంచి చదవండి.