డాక్టర్ సలహా: తామరకు అమాక్సిసిలిన్ గోలీలు వాడొచ్చా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని. రెండు నెలలుగా నడుము చుట్టూ, గజ్జల్లో గుండ్రటి మచ్చలు, విపరీతమైన దురద. మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ గోలీలు, ఒక ట్యూబ్ ఇచ్చారు. ట్యూబ్ రాస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి, ‘ఈ మందు బ్యాక్టీరియా కణకవచాన్నే దెబ్బతీస్తుంది, మన కణాలకు కవచం ఉండదు కాబట్టి నష్టం లేదు’ అంటోంది. ఇంకో వారం వాడమంటారా?

జవాబు: వద్దు. మీ అమ్మాయి చదివింది కరెక్టే, కానీ అది మీ జబ్బుకు వర్తించదు. బ్యాక్టీరియా కేంద్రకపూర్వ కణం, అంటే విడిగా కేంద్రకం లేనిది. దాని కణకవచం పెప్టిడోగ్లైకాన్ అనే పోగుల వల‌తో కట్టి ఉంటుంది. ఆ పోగుల మధ్య ముడి పడకుండా అమాక్సిసిలిన్ అడ్డుపడితే, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. మన కణాలకు బయట పలుచని పొర, అంటే కణత్వచమే తప్ప కవచం లేదు. అలాగని నష్టమే లేదనుకోకండి. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకూ ఆ కవచమే ఉంటుంది కాబట్టి విరేచనాలు పట్టుకోవచ్చు. ఇది పెన్సిలిన్ జాతి మందే, పెన్సిలిన్ పడనివాళ్లకైతే ప్రాణం మీదికే రావచ్చు.

మీరు చెప్పిన లక్షణాలు తామరలా ఉన్నాయి, చూడకుండా ఖాయంగా చెప్పలేను. తామర ఫంగస్ వల్ల వస్తుంది. ఫంగస్‌ది మనలాగే నిజకేంద్రక కణం, అంటే కేంద్రకం ఉన్నది. దానికీ కవచం ఉంటుంది గానీ అది కైటిన్, గ్లూకాన్ అనే వేరే పదార్థా‌లతో తయారైనది. అందులో పెప్టిడోగ్లైకాన్ లేనే లేదు, ఇక అమాక్సిసిలిన్ దేన్ని కొడుతుంది? తామర మందులు పనిచేసే చోటు వేరు. మన కణత్వచంలో కొలెస్టరాల్ ఉంటే, ఫంగస్ త్వచంలో ఎర్గోస్టెరాల్ అనే మరో కొవ్వు పదార్థం ఉంటుంది. టెర్బినఫిన్, ఇట్రాకొనజోల్ దాని తయారీని ఆపుతాయి. వాటినీ సొంతంగా కొనకండి. ఒకటి లివర్‌కు, ఇంకోటి గుండె జబ్బు ఉన్నవాళ్లకు చిక్కు తేవచ్చు. పైగా టెర్బినఫిన్‌కు లొంగని తామర మన దేశంలో ఇప్పుడు బాగా కనిపిస్తోంది.

గోలీల కన్నా నాకు ఆ ట్యూబ్ మీదే అనుమానం. రాస్తే తగ్గి, ఆపితే తిరగబెడుతోందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. డబ్బా మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి పేర్లు ఉన్నాయేమో అమ్మాయితో చదివించండి. స్టెరాయిడ్ మంటను, ఎరుపును అణచిపెడుతుంది, దురద పోయిందని మీరు సంతోషపడతారు. ఆ చాటున ఫంగస్ హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి మాకు గుర్తుపట్టడమే కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు పూర్తిగా పోవు. రోజూ ఓపీలో ఇవే కేసులు! రెండు నెలలు షాపు కౌంటర్ దగ్గరే వైద్యం చేయించుకుని, ఇప్పుడు ఇంకో వారం అంటున్నారు. ఆ ట్యూబ్ ఆపాక కొద్దిరోజులు దురద పెరగవచ్చు, భయపడి మళ్లీ రాయకండి.

నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో గానీ, దగ్గర్లోని చర్మవైద్యుల దగ్గర గానీ చూపించుకోండి. అవసరమైతే మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి చూసే కేఓహెచ్ పరీక్ష చేస్తారు. ఆ ద్రావణంలో మన చర్మకణాలు కరిగిపోతాయి. కైటిన్ కవచం వల్ల ఫంగస్ పోగులు మాత్రం కరగకుండా మైక్రోస్కోప్ కింద కనిపిస్తాయి. మీ అమ్మాయిని తీసుకెళ్తే పాఠం కళ్లారా చూస్తుంది.

షుగర్ టెస్ట్ చేయించారో లేదో రాయలేదు. ఈ వయసులో తామర వదలడం లేదంటే పరగడుపున ఒకసారి చేయించాల్సిందే. మిల్లులో చెమటకు తడిసిన బట్టలు వెంటనే మార్చండి, తువ్వాలు ఎవరితోనూ పంచుకోకండి, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ చూపించండి. జ్వరం, చీము, వాపు ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు బ్యాక్టీరియా కూడా చేరి ఉండొచ్చు, యాంటీబయాటిక్ కావాలో వద్దో అక్కడి డాక్టర్ చెబుతారు.