మీ ప్రశ్న – నా జవాబు: ఆ బొమ్మకు కళ్లు గీయొద్దు

ప్రశ్న: అక్కా, మేము విస్కాన్సిన్‌లో గ్రీన్ బే దగ్గర ఉంటున్నాం. పక్కనే అమెరికా మూలవాసులైన ఒనైడా జాతి వాళ్ల రిజర్వేషన్ (వాళ్లకు కేటాయించిన ప్రాంతం) ఉంది. మా అమ్మాయి స్కూల్లో వాళ్ల పద్ధతిలో మొక్కజొన్న కండె పొరలతో బొమ్మ చేయడం నేర్చుకుంది. దానికి ముఖం లేదు. దసరా కొలువులో పెట్టేముందు కళ్లూ నోరూ గీద్దామంటే ఒప్పుకోవడం లేదు. ఇంకొన్ని చేసి తెలుగు సంఘం స్టాల్‌లో ‘ఒనైడా బొమ్మలు’ అని అమ్మితే తప్పా?
– ఒక తల్లి, గ్రీన్ బే

జవాబు: మీ అమ్మాయిదే కరెక్ట్ తల్లీ. కొలువులో నిక్షేపంగా పెట్టండి, ముఖం మాత్రం గీయొద్దు. ఒనైడాలతో సహా ఇరోక్వా అనే మూలవాసుల కూటమిలోని జాతుల్లో చెప్పుకునే కథ ఒకటుంది. పిల్లల్ని ఆడించడానికి మొక్కజొన్న దేవత ఈ బొమ్మను చేసిందట. అందంగా ఉన్నావని అందరూ మెచ్చుకునేసరికి, అది నీళ్లలో తన నీడ చూసుకుంటూ పిల్లల్ని మరిచిపోయింది. దాంతో సృష్టికర్త దాని ముఖం తీసేశాడు. కళ్లు గీశామంటే ఆ కథ పోయినట్టే.

స్టాల్ మాత్రం వద్దు. మూలవాసులు చేయనిదాన్ని వాళ్లు చేసినట్టుగా అమ్మడం 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. మెషీన్ మీద అచ్చేసిన గుడ్డని కలంకారీ అని అమ్ముతుంటే శ్రీకాళహస్తిలో కలం పట్టేవాళ్ల కడుపు ఎంత మండుతుందో మనకు తెలియనిదా? ఒనైడాల సొంత నేల న్యూయార్క్ రాష్ట్రం. అక్కణ్ణుంచి కదిలి 1820లలో విస్కాన్సిన్ చేరారు. 1838 ఒప్పందంలో దక్కిన సుమారు 65 వేల ఎకరాల్లో కూడా, 1887 చట్టంతో భూమిని ముక్కలు చేసి పంచాక, చాలా భాగం చేజారింది. అంత పోగొట్టుకున్నవాళ్ల పేరు మనం వాడుకోకూడదు.

అమ్మాయిని ఒనైడా నేషన్ మ్యూజియంకి తీసుకెళ్లండి. ఉబ్బెత్తు పూసల పని దగ్గరగా చూడమనండి. రెండు కుట్ల మధ్య పట్టేదానికన్నా ఎక్కువ పూసలు దారానికి ఎక్కించి బిగిస్తారు. ఆ వరస వంపు తిరిగి వెల్వెట్ మీంచి పైకి లేస్తుంది. అలా వరస మీద వరస వేస్తే ఆకులూ పువ్వులూ గుడ్డ మీద మొలిచినట్టే ఉంటాయి. 19వ శతాబ్దంలో ఇరోక్వా ఆడవాళ్లు పర్సులు, గుండుసూదుల మెత్తలు ఇలా కుట్టి, నయాగరా జలపాతం దగ్గర టూరిస్టులకు అమ్మేవారు. విస్కాన్సిన్ ఒనైడా కళాకారిణి కరెన్ ఆన్ హాఫ్‌మన్‌కి 2020లో, సంప్రదాయ కళాకారులకు అమెరికాలో ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది ఈ పనికే. ఆ వార్త చదివి నాకు ఎంత సంతోషమేసిందో!

కొనదలిస్తే చేసినవాళ్ల దగ్గరే కొనండి, దయచేసి బేరమాడకండి. వాళ్ల పేరు అడిగి, కొలువులో ఆ వస్తువు పక్కన చీటీ మీద రాసి పెట్టండి. ఎవరైనా ఇరోక్వా చెక్క మాస్కులు అమ్మజూపితే మాత్రం ముట్టుకోవద్దు. అవి రోగాలు నయం చేసే వాళ్ల క్రతువులకు సంబంధించినవి. వాటిని అమ్మకూడదనీ, ప్రదర్శనకు పెట్టకూడదనీ ఆ జాతుల పెద్దలే స్పష్టంగా చెప్పారు.