‘నేను ముందే చెప్పాను’ అనే ముందు పాత పేజీ తిప్పండి

మీ ప్రశ్న ఇది: ‘ఆలోచనలో స్పష్టత రావడానికి, జీవితంలో నిలకడగా ఎదగడానికి మీకు నిజంగా పనికొచ్చిన అలవాట్లు ఏవి? సొంత అనుభవంతో ఓ ఐదారు చెప్పగలరా?’

ఐదారు చెప్పలేను. ఒక్కటే చెబుతాను, ఎందుకంటే మిగతావి చేసి చూశాను. తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ల స్నానం, అద్దం ముందు నిలబడి నాకు నేనే ధైర్యం చెప్పుకోవడం, గోడకు లక్ష్యాల చార్ట్ అంటించడం, అన్నీ అయ్యాయి. వాటిలో కొన్ని ఒంటికి మంచివే, కాదనను. కానీ నేను ఆలోచించే తీరులో వాటివల్ల మార్పేమీ రాలేదు. ఐదింటికి లేచిన రోజుల్లోనూ ఏడింటికి లేచిన రోజుల్లో చేసిన తప్పులే చేశాను.

నాకు పనికొచ్చిన అలవాటు చాలా చిన్నది. ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకునే ముందు దాన్ని కాగితం మీద పెడతాను. ఏం చేయబోతున్నాను, ఎందుకు, దీనివల్ల ఏం జరుగుతుందని అనుకుంటున్నాను, అది ఎప్పటికి తేలుతుంది. పైన తేదీ వేస్తాను. ఆ రోజు వచ్చినప్పుడు తెరిచి చదువుతాను. అంతే. వినడానికి చప్పగా ఉంటుంది. అందుకే ఇది నాకు ఎలా పట్టుబడిందో చెప్పాలి.

సుమారు పదేళ్ల కిందటి మాట. ఎనిమిది మంది ఉన్న ఒక విభాగానికి నేను పెద్దని. సరుకు లెక్కలు అప్పటిదాకా రకరకాల ఫైళ్లలో, ఎవరి పద్ధతిలో వాళ్లు పెట్టుకునేవాళ్లం. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. పాతది ఆపేసి ఒక్కసారిగా దాంట్లోకి మారిపోయాం. పది నెలల తర్వాత, ఏడాది చివరి లెక్కలు చూసే సమయానికి, గోదాములో ఉన్న సరుకుకీ తెర మీద కనబడే అంకెకీ పొంతన లేదు. మూడు రాత్రులు అందరం కూర్చుని ఒక్కో వరుసా సరిచూశాం. తప్పు మొదటి వారంలోనే జరిగింది. పాత లెక్కలు ఎక్కించేటప్పుడు కొన్ని సరుకులు రెండేసిసార్లు ఎక్కాయి. కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి ఉంటే మొదటి పదిరోజుల్లోనే దొరికిపోయేది.

నాలుగో రోజు మీటింగ్. పై అధికారి సూటిగా అడిగారు, ‘ఒక నెల రెండూ నడిపి చూడాలని ఎవరికీ తోచలేదా?’ అని. నేను వెంటనే, ‘నేను మొదటినుంచీ ఆ మాటే చెబుతూ వచ్చాను సార్. తొందరపడి మారిపోయాం’ అన్నాను.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నేను అబద్ధం ఆడలేదు. తప్పించుకోవాలనీ అనుకోలేదు. ఆ మాట నేను అన్న సందర్భం నాకు బొమ్మ కట్టినట్టు కనబడుతోంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను, చేతిలో పెన్ను ఉంది, ‘ఒక నెల ఆగుదాం’ అంటున్నాను. ప్రమాణం చేయమన్నా చేసేవాణ్ణి.

మా విభాగంలో అందరికంటే చిన్నది ఒకమ్మాయి ఉండేది. మీటింగుల్లో ఎవరేమన్నారో రాసే పని ఆమెది. నేను ఆ మాట అన్నప్పుడు ఆమె తల వంచుకుని బల్ల వైపు చూస్తూ ఉంది. సాయంత్రం అందరూ వెళ్లాక నా గది తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. చేతిలో ఒక పాత నోట్‌బుక్.

‘సార్, ఒక్క నిమిషం. మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు. కానీ ఇది చూపించకపోతే నాకు మనసు ఊరుకోదు.’

‘చెప్పమ్మా’ అన్నాను.

పేజీ తెరిచి నా ముందు పెట్టింది. పది నెలల కిందటి తేదీ. ఆమె చేతిరాతలో ఇలా ఉంది: రెండు పద్ధతులూ ఒక నెల పక్కపక్కన నడపాలన్న సూచన. దాని పక్కన ఆమె పేరు. ఆ కింద నా చేతిరాత. ‘సమయం వృథా. ఒకటో తారీఖు నుంచి కొత్తదే. బాధ్యత నాది.’ ‘బాధ్యత’ అన్న మాట కింద రెండు గీతలు, కింద నా సంతకం.

నాకు మొదట కలిగింది సిగ్గు కాదు, అనుమానం. ఎవరో నా చేత చదవకుండా సంతకం పెట్టించారేమో అనుకున్నాను. కాగితాన్ని లైటు దగ్గరకు జరిపి రెండుసార్లు చూశాను. రాత నాదే. గీతలు కూడా నేను గీసే పద్ధతిలోనే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, కిటికీ పక్క కుర్చీ ఆమెది. నేనెప్పుడూ తలుపు వైపు కూర్చునేవాణ్ణి. ఆమె సలహాను, ఆమె కూర్చున్న చోటుతో సహా, నా జ్ఞాపకం నా పేరు మీదికి మార్చుకుంది.

మర్నాడు అందరి ముందూ, పై అధికారితో సహా, ఆ సూచన ఆమెదనీ, కాదన్నది నేననీ చెప్పాను. చెప్పడం కష్టమైంది. కానీ ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు. ‘ఇదొక్కటే ఇలా ఉందా? నేను గట్టిగా నమ్ముతున్న మిగతా జ్ఞాపకాల్లో ఎన్ని ఇలాంటివి?’ అన్న ప్రశ్న. ఇంట్లో జరిగిన వాదనలు, స్నేహితులతో తెగిపోయిన మాటలు, ‘నేను ముందే చెప్పాను’ అని నేను గెలిచిన సందర్భాలు, అన్నీ ఒక్కొక్కటే కళ్లముందుకు వచ్చాయి. వాటికి ఎవరూ నోట్‌బుక్ రాయలేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మనుషులందరికీ ఉన్న లక్షణమేనని. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకూ సోవియట్ యూనియన్‌కూ వెళ్లినప్పుడు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బెయిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మంచి పని చేశారు. ప్రయాణానికి ముందే విద్యార్థులను అడిగి, ఆయన మావోను కలుస్తారా వంటి విషయాలకు ఎంత అవకాశం ఉందో అంచనాలు రాయించుకున్నారు. ప్రయాణాలు అయిపోయాక మళ్లీ పిలిచి, ‘అప్పుడు మీరు వేసిన అంచనా ఎంతో గుర్తు చేసుకుని రాయండి’ అన్నారు. జరిగిన వాటికి తాము ముందే ఎక్కువ అవకాశం ఇచ్చామని చాలామంది గుర్తు చేసుకున్నారు, నిజానికి ఇచ్చింది తక్కువ. 1975లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ల దగ్గర మొదటి కాగితం ఉంది కాబట్టి తేడా తెలిసింది. లేకపోతే ఆ విద్యార్థులంతా తాము జరగబోయేది ముందే పసిగట్టామని జీవితాంతం నమ్మేవాళ్లు.

స్పష్టమైన ఆలోచనకు మొదటి అడ్డంకి తెలివి తక్కువ కావడం కాదని నేను అనేది అందుకే. తప్పు చేశామన్న కబురు మనదాకా రాదు. జ్ఞాపకం మధ్యలోనే దాన్ని దిద్దేస్తుంది. తప్పే జరగనప్పుడు ఇక నేర్చుకునేది ఏముంది?

డార్విన్‌కు ఈ విషయం బాగా తెలుసు. తన సిద్ధాంతానికి ఎదురు నిలిచే విషయం ఏది కనబడినా వెంటనే రాసిపెట్టుకునేవాణ్ణని ఆయన తన జీవితం గురించి రాసుకున్నప్పుడు చెప్పారు. అనుకూలమైన వాటికంటే అలాంటివే త్వరగా మనసులోంచి జారిపోతాయని ఆయన గమనించారు. అంతటి మనిషే తన జ్ఞాపకాన్ని నమ్మలేదు. మనం మాత్రం ‘నాకు బాగా గుర్తు’ అంటూ వాదిస్తాం.

ఇక నేను రాసే పద్ధతి. మామూలు నోట్‌బుక్, నిర్ణయానికి నాలుగైదు లైన్లు. మొదట్లో పేజీలు పేజీలు రాసేవాణ్ణి, అది నిలవలేదు. ఇప్పుడు పైన చెప్పిన నాలుగు విషయాలతో పాటు ఇంకో రెండు తప్పనిసరి. ఒకటి, నమ్మకం ఎంత శాతం. ‘బహుశా’, ‘దాదాపు ఖాయం’ లాంటి మాటలు పనికిరావు. రేపు వాటి అర్థాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకుంటాం. 70 అని రాస్తే 70 అనే ఉంటుంది. రెండోది, రాసేటప్పుడు నేనెలా ఉన్నాను. అలసటా, కోపమా, ఎవరినైనా మెప్పించాలన్న తొందరా, ఎన్నింటికి రాస్తున్నాను.

మొదటి ఏడాది 41 నిర్ణయాలు రాశాను. ఏడాది చివర కూర్చుని లెక్క చూస్తే, 90 శాతం, ఆపైన నమ్మకంతో రాసినవి 14. వాటిలో అనుకున్నట్టు జరిగినవి 8. అరవై శాతం దగ్గర రాసినవి 11, వాటిలో జరిగినవి 7. అంటే నేను ‘ఖాయం’ అన్నదానికీ ‘చూద్దాం’ అన్నదానికీ తేడా నా గొంతులోనే తప్ప ఫలితంలో లేదు. ఆ ఖాయం అన్నవాటిలో తప్పిపోయిన ఆరింట్లో నాలుగు రాత్రి పదకొండు దాటాక రాసినవి. నాలుగూ ఎవరికో ఒకరికి గట్టిగా జవాబివ్వాలన్న నిర్ణయాలే. అప్పటినుంచి రాత్రి ఏ జవాబూ పంపను. రాస్తాను, పొద్దున చదువుతాను. చాలావరకు పంపే అవసరం ఉండదు. ఎంతమంది చెప్పినా వినని నేను ఈ ఒక్క లెక్క చూసి మారాను, ఎందుకంటే అది నా చేత్తో రాసిన లెక్క.

ఈ శాతాల పద్ధతి వాతావరణం చెప్పేవాళ్లది. అమెరికాలో 1965 నుంచి వాన అవకాశాన్ని శాతాల్లో చెబుతున్నారు. వాళ్ల అంచనాలను ఆలన్ మర్ఫీ, రాబర్ట్ వింక్లర్ 1970లలో పరిశీలిస్తే, 70 శాతం అన్న సందర్భాల్లో దాదాపు అంతే శాతం వాన కురిసినట్టు తేలింది. వాళ్లు మనకంటే మేధావులని కాదు. ఈరోజు చెప్పింది నిజమా కాదా అన్నది రేపటికల్లా తేలిపోతుంది, చెప్పిన అంకె కాగితం మీద ఉంటుంది. మన నిర్ణయాలకు ఆ రెండూ ఉండవు. ఉద్యోగం మారాలా వద్దా అన్నదానికి ఫలితం రెండేళ్లకు వస్తుంది, అప్పటికి ఏ కారణంతో మారామో మనకే గుర్తుండదు.

ఈ అలవాటు గురించి ఎవరితో చెప్పినా అడిగే మొదటి ప్రశ్న, ‘21 రోజులు చేస్తే అలవాటైపోతుందా?’ అని. ఈ 21 రోజుల మాట వింటే నాకు బాధేస్తుంది. దీని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశారు. ‘కనీసం’ అన్న మాట ఎక్కడో రాలిపోయింది, ముఖం సంగతి అలవాట్ల సంగతి అయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే పెద్దగా నష్టం లేదని కూడా వాళ్లు చూశారు. ఇరవై రెండో రోజున అలవాటు కుదరక, ‘నాలోనే లోపం ఉంది’ అనుకుని వదిలేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఏ లోపమూ లేదు, వాళ్లకు చెప్పిన గడువే తప్పు. నాకైతే నోట్‌బుక్ అలవాటు కావడానికి ఐదు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు పూర్తిగా ఆగిపోయింది కూడా.

ఇంకో మాట. దీనికి యాప్‌లు అక్కర్లేదు. వరుసగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టి మెచ్చుకునే యాప్‌లతో వచ్చిన చిక్కేమిటంటే, కొన్నాళ్లకు మనం ఆ లెక్క తెగకూడదనే చేస్తాం. రాసేది తగ్గిపోయి టిక్కు పెట్టడం మిగులుతుంది. పైగా రాయాలని ఫోన్ తీస్తే వేరే మెసేజ్ కనబడుతుంది, అరగంట పోతుంది. కాగితం మీద రాయండి. పాత పేజీలు తిప్పుతుంటే కొట్టివేతలు కనబడతాయి. ముందు 60 రాసి కొట్టేసి 85 చేసిన చోట ఏదో ఒక సంకోచాన్ని నొక్కేశామని తెలుస్తుంది.

నిలకడైన విజయం గురించి కూడా అడిగారు. నాకు తెలిసిన విజయం ఇంతే: అదే తప్పు మూడోసారి చేయకపోవడం. పదేళ్లలో నేను తీసుకున్న మంచి నిర్ణయాలు ఎక్కువ తెలివితో తీసుకున్నవి కావు. ‘ఇంతకుముందు ఇలాంటి సందర్భంలో ఏమనుకున్నాను, ఏం జరిగింది’ అని పాత పేజీ చూసి తీసుకున్నవి. ఇంట్లో కూడా ‘నేను ముందే చెప్పాను’ అనడం మానేశాను. రాసి ఉంటే చూపిస్తాను, రాయకపోతే ఆ మాట ఎత్తను. అందువల్ల ఇంట్లో తగ్గిన టెన్షన్ ఇంతా అంతా కాదు.

నోట్‌బుక్ తెచ్చి చూపించిన ఆ అమ్మాయి మూడేళ్ల తర్వాత వేరే చోట మంచి ఉద్యోగానికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఆ పాత నోట్‌బుక్ నాకు ఇవ్వమని అడిగాను. ‘అది ఆఫీసుది సార్, నేనెలా ఇస్తాను?’ అంది. ఆ ఒక్క పేజీ ఫోటో మాత్రం తీసుకోనిచ్చింది. కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ ఫోటోను మొదటి పేజీలో అంటిస్తాను. ఇప్పుడు నడుస్తున్నది ఆరోది.