చలికాలంలో తిండి మానేసిన బియర్డెడ్ డ్రాగన్

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. మా అబ్బాయి రెండేళ్లుగా బియర్డెడ్ డ్రాగన్ అనే ఒక పెంపుడు బల్లిని పెంచుతున్నాడు. దీపావళి దాకా పురుగులు వేస్తే ఎగబడి తినేది. ఇప్పుడు వేసిన క్రికెట్లు (కీచురాళ్లు) వేసినట్టే ట్యాంక్‌లో తిరుగుతున్నాయి, ఆకులు పెడితే ఒకటి రెండు కొరికి వదిలేస్తోంది, మిగతా టైమంతా ఓ మూల చెక్క కింద దూరి పడుకుంటోంది. లైట్లు కొన్నప్పటివే, బాగానే వెలుగుతున్నాయి. అడుగున ఇసుక పోశాం. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ కాస్త పెరుగన్నం పెట్టి చూడమంటోంది. పిల్లాడు స్కూలుకి వెళ్లేముందు, వచ్చాక దాని ముందే కూర్చుంటున్నాడు, వాణ్ణి చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది. నోరు తెరిచి బలవంతంగా తినిపించమంటారా?

జవాబు: వద్దండీ, ఆ పని మాత్రం చేయకండి. బలవంతంగా పోస్తే తిండి గొట్టంలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, దవడకి దెబ్బ తగలొచ్చు. పెరుగన్నం కూడా వద్దు, పాల పదార్థాలు అరిగించుకునే శక్తి వీటికి ఉండదు. అసలు తిండి గురించి కాసేపు మర్చిపోయి ముందు ట్యాంక్ సంగతి చూడండి. బల్లి జాతి జీవి తినడం మానేస్తే చాలాసార్లు కారణం దాని చుట్టూ ఉన్న వేడిలోనో వెలుతురులోనో ఉంటుంది.

మనలాగా ఇవి తమ ఒంట్లో వేడిని తయారు చేసుకోలేవు. బయట వేడి తగిలితేనే పొట్టలో అరుగుదల సాగుతుంది, వేడి చాలకపోతే ఆకలి వేయదు, వేయకపోవడమే మంచిది కూడా, ఎందుకంటే చల్లటి ఒంట్లో తిన్నది అరగక లోపలే కుళ్లుతుంది. పెద్ద డ్రాగన్‌కి లైటు కింద ఎండ కాచుకునే రాయి మీద 100 నుంచి 105 ఫారన్‌హీట్ దాకా ఉండాలి, రెండో వైపు చల్లగా 75 నుంచి 85 మధ్య, రాత్రి 65కి తగ్గకుండా. గాజుకి అంటించే గుండ్రటి మీటర్లను నమ్మకండి, అవి గాజు వేడి చెబుతాయి తప్ప రాయి వేడి కాదు. వైరు చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొని సరిగ్గా అది పడుకునే చోటే పెట్టి చూడండి. చలికాలం మీరు ఇంట్లో హీటింగ్ తగ్గించి పడుకుంటారు కదా, తెల్లారేసరికి ట్యాంక్‌లో ఎంత ఉందో కూడా ఒకసారి చూడాలి.

ఇక లైట్లు. వేడినిచ్చే బల్బు వేరు, యూవీబీ (ఎండలో ఉండే, కంటికి కనిపించని ఒక రకం కిరణాలు) ఇచ్చే ట్యూబ్ వేరు, రెండూ ఉండాలి. యూవీబీ ట్యూబ్ కంటికి మామూలుగానే వెలుగుతుంటుంది గానీ అందులోని యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, అందుకే రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. మీది రెండేళ్లది, ఈ వారమే మార్చేయండి. గాజు, ప్లాస్టిక్ యూవీబీని ఆపేస్తాయి కాబట్టి మధ్యలో అవేవీ అడ్డం ఉండకూడదు, కిటికీలోంచి పడే ఎండ కూడా లెక్కలోకి రాదు. యూవీబీ లేకపోతే విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే ఎంత కాల్షియం పొడి చల్లినా ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడతాయి. నీరసం, ఆకలి లేకపోవడం అప్పుడు కూడా కనిపిస్తాయి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తినకపోతే, మీరు చెప్పిన నెలలనిబట్టి అది బ్రూమేషన్ కావచ్చు. అంటే చలికాలపు మగత. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా మధ్యభాగం, అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. కానీ ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల్ని వ్యాపారానికి బయటికి పంపడం 1960ల నుంచే ఆపేసింది కాబట్టి అమెరికా ఇళ్లలో ఉన్నవి ఇక్కడే తరతరాలుగా పుట్టినవి, ఇక్కడి చలికాలానికే అవి మగతలోకి జారుకుంటాయి. ఏడాది దాటిన ఆరోగ్యమైన డ్రాగన్ కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు సరిగ్గా తినకుండా పడుకున్నా కంగారుపడక్కర్లేదు. ఏడాదిలోపు పిల్ల తినడం మానేస్తే మాత్రం బ్రూమేషన్ అనుకుని ఊరుకోకండి, డాక్టర్‌కి చూపించాలి.

చిక్కేమిటంటే మగతగా పడుకున్నదీ జబ్బుతో పడుకున్నదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకని నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, బరువు చూడండి. గ్రాములు చూపించే చిన్న కాటా ఒకటి దీనికే విడిగా పెట్టి, వారానికోసారి తూచి మీ అబ్బాయిని ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. రోజంతా ఆందోళనగా దాన్ని చూస్తూ కూర్చునే పిల్లాడికి చేతిలో ఒక పని ఉన్నట్టూ అవుతుంది. మగతలో ఉన్నదాని బరువు పెద్దగా తగ్గదు. పదో వంతు తగ్గిందంటే ఆలస్యం చేయొద్దు. తోక మొదలు కండ లేకుండా ఎముక తేలినా, కళ్ల వెనక, తల మీద గుంటలు పడినా చిక్కిపోతోందన్నమాటే. మగత అనిపించినా సరే, ఒకసారి పేడ పరీక్ష చేయించండి, వీటి పొట్టలో కాక్సిడియా అనే కంటికి కనిపించని పరాన్నజీవులు, నులిపురుగులు మామూలుగా ఉంటాయి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు అవి పెరిగిపోతాయి. అమెరికాలో మామూలు కుక్కల డాక్టర్లందరూ వీటిని చూడరు. అసోసియేషన్ ఆఫ్ రెప్టైల్ అండ్ ఆంఫీబియన్ వెటర్నేరియన్స్ వాళ్ల సైట్‌లో మీ దగ్గరి డాక్టర్‌ని వెతుక్కోవచ్చు.

ఇసుక తీసేయండి. పురుగుని పట్టుకునేటప్పుడు ఇసుక కూడా నోట్లోకి పోయి పేగులో అడ్డుపడొచ్చు. టైల్స్ గానీ పేపర్ టవల్ గానీ పరిస్తే చాలు. చివరిసారి ఎప్పుడు మలవిసర్జన చేసిందో గుర్తు చేసుకోండి. చాలా రోజులైతే 85, 90 ఫారన్‌హీట్ గోరువెచ్చటి నీళ్లలో, మోచేతుల ఎత్తు మించకుండా, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి, పక్కనే ఉండి. తర్వాత ఒళ్లు తుడిచి వేడి లైటు కిందకి చేర్చాలి. వెనక కాళ్లు ఈడ్చినా, ఒళ్లు వణికినా, నోరు తెరుచుకుని బురబురలాడుతూ ఊపిరి తీసినా, గడ్డం (గొంతు కింది చర్మం) రోజంతా నల్లగానే ఉన్నా ఇంటి వైద్యం ఆపి ఆ రోజే తీసుకెళ్లండి.

అది ఆడదో మగదో మీరు రాయలేదు. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్లు పెట్టగలదు, ఆ ముందు రోజుల్లో తిండి తగ్గించి అదేపనిగా మూలలు తవ్వుతుంది. అలా తవ్వుతుంటే తడి మట్టితో లోతైన పెట్టె ఒకటి ఇవ్వండి. తవ్వుతూ, ముక్కుతూ గుడ్డు రాకపోతే అది అత్యవసరం.

తినడానికి పెట్టేటప్పుడు, పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది ఉండకూడదు. తినకుండా వదిలేసిన క్రికెట్లను రాత్రి ట్యాంక్‌లో ఉంచకండి, అవి పడుకున్న బల్లిని కొరుకుతాయి. మన ఇళ్లలో చేతికందే పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియంని ఒంటికి పట్టనివ్వవు. వాటికి బదులు ఆవాకు, కొలార్డ్ ఆకులు, తురిమిన గుమ్మడికాయ పెట్టండి. అవకాడో విషం. ఇంకొకటి, మీ పెరట్లో ఎండాకాలం సాయంత్రాలు మిణుగురులు కనిపిస్తాయి కదా, సరదాకి కూడా ఒకటి పట్టి వేయనివ్వకండి, ఒక్క మిణుగురు చాలు బియర్డెడ్ డ్రాగన్ ప్రాణం తీయడానికి. పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

మీ అమ్మగారి విషయం కూడా చెప్పాలి. ఈ జీవుల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, పెద్దవాళ్లకీ చిన్నపిల్లలకీ అది ప్రమాదం. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింక్‌లో తోమకూడదు.

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. పొలంలో ఉడుము పిల్ల దొరికితే ఇంటికి తెచ్చాం. కోడిగుడ్డు పెట్టినా ముట్టట్లేదు. ఏం పెట్టాలి?

జవాబు: ఏమీ పెట్టొద్దు, పెంచొద్దు. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో (గట్టి రక్షణ ఉన్న జాబితాలో) ఉంది, దాన్ని పట్టి ఉంచుకుంటే కనీసం మూడేళ్ల జైలు. మీరు చెడు ఉద్దేశంతో తేలేదని అర్థమవుతోంది, అందుకే వెంటనే చెబుతున్నాను. అది తినకపోవడానికి కారణం భయం, కొత్త చోటు. ఉడుము పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచే సొంతంగా బతుకుతాయి, తల్లి సాకదు, కాబట్టి దాన్ని అనాథ అనుకోవద్దు. గాయాలు లేకపోతే పగటిపూట, కుక్కలు లేనప్పుడు, దొరికిన గట్టు దగ్గరే వదిలేయండి. కాలు విరిగి ఉంటేనో రక్తం కనిపిస్తేనో గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పెట్టి, నడుముకి తాడు కట్టకుండా, మీ దగ్గరి ఫారెస్ట్ ఆఫీసుకి కబురు చేయండి.